ఏం జూసి దిగులు?

మా బావగారు పోయి నెల దాటినా ఈయన మామూలు మనిషి కాలేదు. నంద్యాలలో మా విత్తనాల కొట్టుకు వచ్చేవాళ్లంతా "పాపం, అన్న దిగులు" అనేవారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పొలం గట్టు తగాదా వచ్చి ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు వాళ్లు. బతికుండగా లేని ప్రేమ పోయాక ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది, పాలవాణ్ణి కూడా వదలను. ఈయన ఫోను చేతికివ్వడు. పిలిస్తే ఉలిక్కిపడతాడు. ఏటా నడిచి ఎక్కే ఎగువ అహోబిలానికి, మైల ఏడాదిలో కొండెక్కకూడదన్నా వినక, ఈసారి జీపు మాట్లాడాడు. కొట్టు కట్టేసి వచ్చాక మేడ మెట్ల కింద స్కూటరు మీదే కూర్చుండిపోతాడు. ఇంట్లోకి రావడానికి మనసొప్పని మగాడికి మనసు ఇంకెక్కడో ఉందని తీర్మానించుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

ఆయన ఎవరి మాటైనా వింటాడంటే ఆళ్లగడ్డలో ఉన్న మేనత్త మాటే. వెంటబెట్టుకుని అక్కడికే పోయాను.

"దిగులు పెట్టుకున్యాడత్తా. ఎందుకో నువ్వే అడుగు."

"ఏం జూసి దిగులు పడినాడు?" అంది ఆమె.

చూడ్డమేమిటి? నాకు దిగులంటే దుఃఖం. ఆమె నోట అది ఇంకా పాత మాటే, భయం. కన్నడంలో దిగిలు అన్నా ఇప్పటికీ భయమే. జడుసుకున్న పిల్లలకు చేసినట్లే ఆమె కొడవలి ఎర్రగా కాల్చి చెంబు నీళ్లలో ముంచింది. ఏం చూసి భయపడ్డారో పైకి చెప్పాకే ఆ నీళ్లు తాగాలి. అది ఆమె పద్ధతి.

"చెప్పి తాగురా."

ఆయన నా వైపు చూడలేదు. "పాడె మీద అన్నను జూసి. ఆయనకొచ్చిన రొమ్ము నొప్పే నాకూ వస్తాందత్తా. మెట్లెక్కితే పట్టేస్తాంది. డాక్టరు ఏం చెప్తాడోనని యాడికీ పోలేదు."

ఫోనులో దాచుకుని చూసేవి గుండెపోటు వీడియోలట. తిడదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. వెంటనే కారు మాట్లాడమని అరిచాను. స్టెంటు వేయించుకుని ఇప్పుడాయన మెట్లన్నీ ఎక్కుతున్నాడు గానీ, ఆ పూట నాకు అదేమీ తెలియదు.

ఆయన తాగాక చెంబు నా చేతికొచ్చింది.

"నువ్వూ తాగు. చేతులు ఎట్ల వణుకుతాండాయో జూడు. ఏం జూసి?"

"ఈయన్ను జూసి" అన్నాను.