వేళ్ళు నాలుగు, చెయ్యి మొత్తం

మా మేనత్త ప్రభువునందు నిద్రించిందని మంగళవారం పొద్దున్నే చాట్రాయి నుంచి ఫోను వచ్చింది. గుండెలో మంట అన్నదట, మంచినీళ్ళు అడిగిందట, అవి తెచ్చేలోపే అయిపోయింది. మా నాన్న పోయాక నన్ను పెంచిన మనిషి. అయినా సహోదరులారా, మీతో అబద్ధమాడను. ఆ కబురు వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. శుక్రవారం లేబర్ ఆఫీసులో, నేను నడిపే ప్రార్థన కూటానికి వచ్చే ఏసోబు కేసు వాయిదా ఉంది. అందులో నేను సాక్ష్యం చెప్పాలి. ఆమె పక్కన ఉంటుందన్న ధైర్యంతోనే ఒప్పుకున్నాను. ఇక ఒక్కణ్ణే నిలబడాలి.

ఆమె సంగతి ముందు చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేది. ఒకరోజు కుడిచెయ్యి యంత్రంలో పడి, బొటనవేలు తప్ప నాలుగూ పోయాయి. వేలికి ఇంత అని పరిహారం లెక్కగట్టి, లేబర్ ఆఫీసులో కాగితం మీద ముద్ర వేయమన్నారు. ఆమె వేయలేదు. "వేళ్ళు నాలుగే పోయాయండి. నాట్లు వేసే చెయ్యి మొత్తం పోయింది" అన్నది. చదువులేని మనిషి నోట వచ్చిన ఆ ఒక్క మాట దగ్గర ఆఫీసరు కలం ఆగిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పటినుంచి మా చుట్టుపక్కల ఎవరికి దెబ్బ తగిలినా ఆమెనే వెంట తీసుకెళ్ళేవారు. బస్సు ఎక్కకముందే అడిగేది: "అన్నం తిన్నావా? ఆసుపత్రిలో ఇచ్చిన మొదటి చీటీ తెచ్చావా?" చీటీ లేదంటే బస్సు ఎక్కనిచ్చేది కాదు. దారి పొడుగునా ఒకటే పాఠం. "ఎక్కువ చెప్పకు, తక్కువ చెప్పకు. నిన్న చేయగలిగింది, ఇవాళ చేయలేనిది, అదే చెప్పు. డాక్టర్లు కాలు ఎంత శాతం పోయిందో రాస్తారు. చెట్టెక్కి బతికేవాడి బతుకులో ఎంత పోయిందో నువ్వే చెప్పుకోవాలి."

కాలూ చెయ్యీ పోతే లోకం చూస్తుంది. తోటలకు పురుగుమందు కొట్టే మోటారు పక్కన ఏళ్ళతరబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం, పిలిస్తే పలకడని పొగరుబోతు అంటుంది. తలకు దెబ్బ తగిలి మాట తడబడేవాణ్ణి తాగుబోతు అంటుంది. కొమ్మ పొడుచుకుని కన్ను పోయినవాడితో, ఇంకోటి ఉందిగా అంటుంది. వీళ్ళందరితోనూ ఆమె వెళ్ళింది. బుద్ధి ఎదగని ఒక పిల్ల తల్లి దారి తెలియక ఏడుస్తుంటే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "పనిలో తగిలిన దెబ్బకి పని ఇచ్చినవాడు పరిహారం కట్టాలి. పుట్టుకతో వచ్చినదానికి సర్కారు పింఛను. గుమ్మాలు వేరమ్మా. తప్పు గుమ్మం ముందు ఎంత ఏడ్చినా ఎవరూ పలకరు."

వందనం పెట్టేటప్పుడు ఆ చేతిని కొంగులో దాచేది కాదు. నిండు చెయ్యీ బోడి చెయ్యీ కలిపి పెట్టేది. చిన్నప్పుడు ఆ చెయ్యంటే నాకు భయం. దాంతో నన్ను ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

ఇక నా పాపం. ఏసోబు ముసునూరు దగ్గర తోటలో కాయలు కోస్తుంటే కొమ్మ విరిగి పడ్డాడు. వెన్నులో నరం నలిగింది. కుడికాలు ఈడుస్తాడు. తోట గుత్తకు తీసుకున్నాయన ఆసుపత్రి ఖర్చు పెట్టుకుని, ఆపైన నాకు సంబంధం లేదన్నాడు. మా అత్త కేసు వేయించింది. ఆ కేసు నడుస్తుండగానే, ఒక ఆదివారం కూటంలో నేను ఏసోబు కాలిమీద చేతులుంచి ప్రార్థించాను. ఆత్మావేశంలో "కర్ర వదిలెయ్! నడు!" అని కేక వేశాను. నడిచాడు. పది అడుగులు. మందిరం దద్దరిల్లింది. ఎవరో సెల్‌ఫోనులో తీశారు. "పూర్తి స్వస్థత" అని నా గొంతుతో చెప్పి, నాకు తెలిసిన గ్రూపులన్నింటికీ పంపాను.

పదకొండో అడుగుకి ఏసోబు ఆడవాళ్ళు కూర్చున్న చాప మీద పడ్డాడు. బట్ట తడుపుకున్నాడు. (ఈ మాట ఏసోబే రాయమన్నాడు.) మా అత్త లేచి తన దుప్పటి అతనికి కప్పింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"ఏరా, వాడు నడిచింది దేవుడి కోసం అనుకుంటున్నావా? నీ కోసంరా. నలుగురిలో నీ పరువు తీయలేక నడిచాడు."

నాకు కోపం వచ్చింది. దేవాలయపు గుమ్మం దగ్గర కుంటివాడు లేచి గంతులు వేసిన సంగతి బైబిల్లో తీసి చదవబోయాను.

"అది నాకూ తెలుసు. దేవుడితో తెల్లవార్లూ పెనుగులాడిన పితరుడు తుంటి దెబ్బతిని కుంటుకుంటూ పోయాడుగా, ఆ పేజీ నీ పుస్తకంలో చిరిగిపోయిందా?" అన్నది.

నెల తిరక్కుండానే ఆ వీడియో గుత్తదారు వకీలు చేతికి చేరింది. వాయిదాలో ఆఫీసరు ముందు పెట్టి చూపించాడట. గదంతా నా గొంతేనట. సువార్త అనుకుని వేసిన కేక ఒక కూలివాడి కూడు లాగేసింది. మా అత్త ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది.

"వచ్చే వాయిదాకి నువ్వు రావాలి. పడ్డాడని చెప్పాలి."

"అత్తా, అలా చెబితే రేపటినుంచి నా ప్రార్థనకు ఎవరొస్తారు?"

"నిజంగా జబ్బుపడ్డవాళ్ళు వస్తారు. మిగతావాళ్ళు సినిమాకి పోతారు."

నవ్వలేదు నేను. ఆమే నవ్వి, బొటనవేలితో నా గడ్డం ఎత్తింది. "భయమేస్తుందా? వేయనీ. నాకూ వేసింది. భయపడుతూనే చెప్పు."

బుధవారం భూస్థాపన అయ్యాక ఏసోబు కర్ర మీద వాలి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, శుక్రవారం మీరు రాకపోయినా నేనేమీ అనుకోను" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రెండు రోజులూ తీర్పుదినాన్ని గురించి నేను ఇన్నేళ్ళూ ఇతరులకు చెప్పిన ప్రసంగాలన్నీ నా మీదికే తిరిగి వచ్చాయి.

శుక్రవారం వెళ్ళాను. బైబిలు పట్టుకుని ఆఫీసరు ముందు నిలబడ్డాను.

"ఆ గొంతు మీదేనా?" అన్నాడు వకీలు.

"నాదేనండి."

"పూర్తి స్వస్థత అన్నది మీరేనా?"

"నేనేనండి."

"ఇవాళ కాదంటారా? అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

వందలమంది ముందు ఉరిమినవాణ్ణి, ముగ్గురి ముందు గొంతు తగ్గించాను. అన్నాను: "అప్పుడేనండి. పదకొండో అడుగుకి పడ్డాడు. పడినది కనబడకుండా వీడియో కోయించింది నేనే."

ఆఫీసరు రాసుకున్నాడు. తీర్పు ఇంకా రాలేదు. ఏమవుతుందో తెలియదు. నన్ను అబద్ధ ప్రవక్త అని రెండు కుటుంబాలు కూటానికి రావడం మానేశాయి. ఇంకా ఎందరు మానేస్తారోనని ప్రతి ఆదివారం గుమ్మంవైపు చూస్తూనే ఉన్నాను. ఆమె ఉంటే ఏదో ఒక వెటకారం చేసేది.

ఆరోజు బయటికి వచ్చాక ఆటో పిలిచాను. ఏసోబు సీటు అంచున కూర్చుని, బయట వేలాడుతున్న కాలిని లోపలికి లాక్కోబోయాడు. చేతులు జారాయి. నేను వంగి, మోకాలి కింద చెయ్యి పెట్టి ఎత్తాను. బరువుగా ఉంది, నానిన దుంగలాగా. ఆ కాలిమీద చేతులుంచి ప్రార్థించాను గానీ, దాని బరువు నాకు అప్పటిదాకా తెలియదు.