పాతర గడ్డికి రోజూ ఫోటో

మా చిన్నాయన గొర్రెలు మేపిన రాయదుర్గం గుట్టల చోటే ఇప్పుడు మా ఆఫీసుంది. నేను పదకొండో అంతస్తులో కూర్చుంటాను. ఆయనకు మిగిలింది మణికొండలో ఎవరిదో ఖాళీ ప్లాటు, అందులో రేకుల షెడ్డు, ఇరవై పొట్టేలు పిల్లలు. అవి బలిసి బక్రీద్‌కు అమ్ముడుపోతే మంద నిలుస్తుంది. లేకపోతే కర్ర పక్కన పెట్టి వాచ్‌మన్ పనికి పోవాలి. ఆ మాట ఆయనే అన్నాడు.

చుట్టుపక్కల గడ్డిపరక లేదు, మక్కచొప్ప దొరకడం లేదు. సజ్జ, అలసంద పచ్చిగా కోయించి మాగబెడదామన్నాను. నాలుగు వీడియోలు చూసిన పండితురాలిని కదా! మొయినాబాద్ వైపు నుంచి ట్రాలీలో తెప్పించాం. ఆయన ముక్కలు కొట్టి, నీలం డ్రమ్ముల్లో పోసి, కాళ్లతో తొక్కి తొక్కి మూతలు బిగించాడు. నెలన్నర గాలి తగలకుండా ఉంటేనే అది పాతర గడ్డి అవుతుంది.

మా ఆఫీసులో రోజూ పొద్దున స్టేటస్ చెప్పాలి. చూపించని పని చేయనట్టే లెక్క. ఆ అలవాటుతో రోజూ మూత తీసి ఫోటో పంపమన్నాను.

"రోజు మూత తీస్తే లోపలికి గాలి పోదా బిడ్డా?"

"ఒక్క నిమిషమే కదా చిన్నాయనా, ఫికర్ చేయకు."

"సరే తియ్. చదువుకున్నదానివి, నీకే ఎర్క."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఫోటోల్లో గడ్డి బాగానే కనిపించింది. వాసన ఫోటోలో రాదు. తర్వాత బూజు కనిపిస్తే, పైపొర తీసేసి మిగతాది పెట్టమన్నాను.

కొన్నాళ్లకు పిల్లలు తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగాయి. చొంగ కారేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు డాక్టర్‌ను పిలిచాం. బూజు గడ్డితో మెదడుకు సోకిన జబ్బన్నాడు. నేను షెడ్డు బయట నిలబడి ఏడ్చాను. చిన్నాయన ఏడవలేదు. ఒక్కో పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, తిరగకుండా పట్టుకున్నాడు. ఒక్కటీ బతకలేదు.

ఇప్పుడు ఆయన మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉంటాడు. ఆ పని నేనే ఇప్పించాను. అంతకన్నా నా చేతనైంది ఏమీ లేదు, ఇక ఏదీ బాగుపడుతుందన్న ఆశా లేదు. మొన్న కారు ఆపితే కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నేనే గట్టిగ తొక్కలేదేమో బిడ్డా," అన్నాడు.

ఆయన గేటు తీశాడు. నేను కారు లోపలికి పోనిచ్చాను.