పెద్దమ్మ పిల్లికి సీమంతం

మొన్న తిరుపతిలో మా మనవరాలు తన పిల్లిని డాక్టరుకు చూపించడానికి పోతూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. పిల్లి పొట్ట మీద ఏదో ఆనించి, తెర మీది మసక నీడను చూపిస్తూ, ఇది గడ్డ, ముక్క తీసి పరీక్షకు పంపితే కాన్సరో కాదో తేలుతుందన్నాడా డాక్టరబ్బాయి. పందొమ్మిదివందల నలభైల్లో నేను పశువుల డాక్టరుగా చేసిన రోజుల్లో మాకు ఇలాంటివాటికి చేతివేళ్లే దిక్కు.

మద్రాసులో చదువు ముగించి పలమనేరులో ఉద్యోగంలో చేరిన కొత్త. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వైద్యం చెప్పేవాణ్ణి. నేర్చుకున్నదేమో ఎక్కువగా ఎద్దులూ గుర్రాల గురించి. పిల్లికి డాక్టరంటే జనం నవ్వే కాలం. బంగారుపాళ్యంలో మా పెద్దమ్మావాళ్లకు బెల్లం కొట్టుండేది, అందులో ఎలుకల కోసం ఒక పిల్లి ఉండేది, వాళ్లకు పిల్లలు మాత్రం లేరు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆ పిల్లి పొట్ట ఎత్తుగా కనబడింది. ఒళ్లో పెట్టుకుని నొక్కితే గుండ్రంగా తగిలింది గనుక, ఇది చూడితో ఉంది, మూడు వారాల్లో ఈనుతుందని చెప్పేశాను.

పెద్దమ్మ సంబరం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్లకు తన ఇంట్లో ఒక కాన్పు. గంపలో పాత చీర పరిచింది, పూటపూటా పాలు పోసింది, పెదనాయన ఎగతాళి చేస్తున్నా వినకుండా ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి, పసుపు కుంకుమలిచ్చి, సీమంతానికి పంచినట్టే గాజులు పంచింది.

మూడు వారాలు కాస్తా ఆరయ్యాయి. పిల్లి చిక్కిపోయింది, పొట్ట మాత్రం అలాగే ఉంది. మళ్లీ నొక్కి చూశాను. పిల్లలైతే ఈపాటికి కదలాలి. నా వేళ్లకు తగిలింది గట్టిగా, గతుకులుగా, ఒకటే గడ్డ. చెబుదామని నోరు తెరిచి, పెద్దమ్మ గంపలో చీర దులుపుతూ ఉంటే చూసి, ఇంకా రోజులు నిండలేదన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాలుగు రోజులకు పిల్లి పోయిందని కబురొచ్చింది. పూడ్చేముందు పెరట్లో కోసి చూస్తే, పిల్లలు లేవు, పేగును పట్టుకుని పిడికిలంత గడ్డ ఉంది. ముందే తెలిసినా నేను చేయగలిగేదేమీ లేదు, అది వేరే సంగతి. చేతులు కడుక్కుని వచ్చేసరికి పెద్దమ్మ గడప దగ్గర నిలబడి ఉంది.

"లోపల ఎన్ని పిల్లలుండినాయిరా నాయనా?" అనింది.

రెండన్నాను.

బతికినన్నాళ్లూ ఆమె ఆ రెండింటినీ తలుచుకుని కళ్లు తుడుచుకునేది. ఇప్పుడు పెద్దమ్మ లేదు, పెదనాయన లేడు, బెల్లం కొట్టున్న చోట మామిడి గుజ్జు లారీలు ఆగుతున్నాయి. ఎన్నడూ లేని ఆ రెండు పిల్లికూనలను గుర్తుపెట్టుకున్నవాణ్ణి ఇక నేనొక్కణ్ణే.