రాకుమారి పక్కన నాన్న పాడిన పద్యం

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలు వలుచుకుంటూ ఉంటే మా మనవరాలు వచ్చి, చెప్పులైనా విడవకుండా గడపలోనే నిలబడి, కోట నాటకంలో రాజు పాడే ఏడుపు పద్యం నీకొక్కదానికే వచ్చట గదా, పాడితే ఫోన్లో పట్టుకుంటానని అడిగింది. ఆ పిల్ల ఐటీ ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడి ఆంధ్రా, తెలంగాణా పిల్లలంతా కలిసి శనాదివారాల్లో నాటకాలు వేస్తున్నారట, ఈసారి ఆ పాత నాటకమే ఎత్తుకున్నారట, రాకుమారి వేషం తనదేనట. ఇంట్లో సగం మాటలు అరవంలో మాట్లాడే పిల్లకు తెలుగు నాటకం మీద మనసు పోయిందని సంతోషపడవలసిందే గాని, నాకు మాత్రం చేతులు ఆడలేదు.

నా ఈడువాళ్లకు ఆ కథ చెప్పనక్కరలేదు, అయినా మరచిపోయినవాళ్ల కోసం చెబుతాను. శత్రువులు కోటను చుట్టుముట్టి ఉండగా, తలుపు తీసినవాళ్ల తల తీయిస్తానని రాజు చాటింపు వేయిస్తాడు. బయట దాహంతో అల్లాడుతున్న పల్లె ఆడవాళ్లను, చంటిపిల్లలను చూసి తట్టుకోలేక ఆయన కూతురే తలుపు తీస్తుంది. మాట తప్పలేక రాజు ఆమెకు మరణశిక్ష వేసి, ఆ పిల్ల శవం పక్కన కూలబడి ఏడుస్తాడు.

ఇది వీధుల్లో కాగడాల వెలుగులో ఆడిన కాలంలో చివర అమ్మవారు ప్రత్యక్షమై పిల్లను లేపేదట, జనం హారతి కళ్లకద్దుకుని నిశ్చింతగా ఇళ్లకు పోయేవారట. మా తాత కాలం వచ్చేసరికి, జార్జి టౌన్ కొట్లలో గుమాస్తాగిరీ చేస్తూ నాలుగు ఇంగ్లీషు నాటకాలు చదివిన పెద్దమనుషులకు ఇది మరీ పసిపిల్లల కథలాగా కనిపించి అమ్మవారిని ఎత్తేశారు. అలా రాకుమారి చచ్చిపోయింది. అదేదో ఘనకార్యమైనట్టు మా తాత విషాదాంతం, విషాదాంతం అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆయన్ను ఏమనగలం, అప్పటి పెద్దల తీరే అంత.

ఆ తరువాత రాజు వేషం మా నాన్నకు వచ్చింది. మేము తొండియార్‌పేటలో ఉండేవాళ్లం, నాన్న హార్బరులో ఉద్యోగం. పగలంతా దుమ్ములో పనిచేసి వచ్చిన మనిషి, సాయంత్రం హార్మోనియం ముందు గొంతు ఎత్తితే వీధిలో పోయేవాళ్లు నిలబడిపోయేవాళ్లు. తాత నాటికి నాలుగు పాదాలుగా ఉన్న ఆ ఏడుపు పద్యాన్ని నాన్న రాగాలు తీసి తీసి, కాఫీ తాగి వచ్చినవాళ్లకు కూడా ఇంకా మిగిలి ఉండేంత పొడుగు చేశాడు. జనం వచ్చేదే దానికోసం. పద్యం అయ్యీ కాకముందే వన్స్ మోర్ అని కేకలు, ఈలలు. కేక పడిందంటే మళ్లీ పాడి తీరవలసిందే, పాడకపోతే ప్రేక్షకులను అవమానించినట్టు. అన్నిసార్లూ శవం కదలకుండా పడి ఉండవలసిందే.

ఆ శవం మా అక్క. అంతకు ముందు మీసం గీయించుకున్న మగాయన ఎవరో వేసేవాడు గాని, అక్క ఓణీలు వేసుకున్న ఏడాది నుంచి వేషం ఆమెదే. చచ్చినట్టు పడుకోవడం ఇంట్లో చాప మీద సాధన చేసేది. నేను చీపురుపుల్లతో అరికాలు గీరినా ఉలికేది కాదు, నాకే భయమేసి అక్కా అక్కా అని ఏడిస్తే అప్పుడు పకపకా నవ్వి లేచేది. ఎంత చక్కని పిల్లనుకున్నారు!

ఒక ఏడాది మార్గశిరంలో ముసురు పట్టి, పందిరి తడిసి, రంగస్థలం బల్లలు కూడా చెమ్మగా ఉన్నాయి. అక్కకు అప్పటికే జ్వరం. వద్దని అమ్మ అడ్డుపడింది. నాన్న కఠినుడు కాడు, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి, కాని నాటకాలవాళ్ల లెక్కలు వేరు. "అది పాడేది ఒక్క పద్యమే గదే, మిగతా అంతా పండుకునేదే గదా, ఇంట్లో పండుకుంటే ఏమి, ఆడ పండుకుంటే ఏమి" అన్నాడు. ఆ మాట అమ్మకూ సబబుగానే తోచింది కాబోలు, అక్క ముఖానికి తనే రంగు వేసింది.

నాన్న అంత బాగా ఎన్నడూ పాడలేదు. కేకల మీద కేకలు. మళ్లీ పాడాడు, మళ్లీ పాడాడు. ముందు వరసలో నా పక్కన కూర్చున్న అమ్మ నా చెయ్యి నలిపేస్తూ, చాలు, ఇంక చాలు అని గొణుగుతూనే ఉంది, ఆ ఈలల్లో ఎవరికి వినబడుతుంది? తెర పడ్డాక అక్క లేవలేదు. కిరీటం తీయకుండానే నాన్న ఆమెను రెండు చేతుల మీదా ఎత్తుకుని రిక్షా దాకా పరుగెత్తాడు. టైఫాయిడ్ ముదిరిపోయిందన్నారు. వారం తిరక్కుండానే అక్క పోయింది.

ఆ తరువాత చాలాకాలం నాన్న హార్మోనియం పెట్టె తెరవలేదు. ఒకనాడు ఉన్నట్టుండి, చివర అమ్మవారిని మళ్లీ తెస్తాను, పిల్లను లేపిస్తాను అని కూర్చున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే, "ఆడ లేపితే ఈడ లేస్తుందా?" అంది. అయినా నాన్న ఆ పద్యం మానేసి అలాగే ఆడించాడు. జనం ఒప్పుకోలేదు. పద్యం ఏదయ్యా అని గోల చేశారు, అమ్మవారి వేషం వేసిన మనిషిని చూసి నవ్వారు. నాన్న ఆ రోజు కిరీటం విప్పి మళ్లీ పెట్టుకోలేదు. స్నానం చేస్తూ కూనిరాగమైనా తీయగా నేను వినలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. వేషం కట్టబోయే పిల్లకు చెప్పే కథేనా ఇది? పద్యం మాత్రం పాడాను. గొంతు జీరపోయింది, రెండు చోట్ల ఆగిపోయాను. అది ఆ పిల్లకు అభినయంలాగా తోచి, సూపర్ అవ్వా, సూపర్ అని ముద్దుపెట్టుకుని వెళ్లింది. నాలుగు రోజులకు ఫోను చేసి, నాటకం నడిపే గుంటూరు అబ్బాయి అంత పొడుగు ఈ కాలంలో ఎవరూ కూర్చుని వినరు అన్నాడని, తీసేశారని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడ్రా నువ్వు తీసేయడానికి అనిపించింది. మా నాన్న ప్రాణం అంతా అందులో ఉందే!

మొన్న చూడబోయాను. చిన్న హాలు, కిరీటాలు లేవు, కోట లేదు, నల్లగుడ్డ ఒకటి కట్టారు. రాజు మామూలు చొక్కా వేసుకున్న కుర్రవాడు. రాకుమారి పడిపోయాక అతను పక్కన కూర్చుని, ఆ పిల్ల ముద్దుపేరు పెట్టి ఒక్కసారి పిలిచాడు. దీపం ఆర్పేశారు. అంతే. అందరూ చప్పట్లు కొట్టారు, మా పిల్ల లేచి ముఖం కడుక్కుని నా దగ్గరికి వచ్చేసింది. నా చెయ్యి దానంతట అదే ఆ పిల్ల మెడ మీదికి పోయింది. చల్లగా ఉంది, జ్వరమేమీ లేదు. "ఏమవ్వా అట్ల చూస్తావు, బోర్ కొట్టిందా? సరి, వా, కాఫీ తాగి పోదాము" అంది సగం అరవంలో.

మన కాలంలో ఒక చావును ఎంతసేపు పాడుకునేవాళ్లం! వీళ్లకు ఒక్క పిలుపుతో తీరిపోతోంది. గుండెలు పిండేసే ఆ రాగాలు ఇంక ఎవరూ తీయరు, ఆ పద్యం నాతోనే పోతుంది. కాని పోనివ్వండి. మా నాన్న అంత బాగా పాడకపోయుంటే, మొన్న ఆ హాల్లో నా పక్క కుర్చీలో తల నెరిసిన మా అక్క కూర్చుని ఉండేది.