పుంజు చూసిన పాలిష్

మా బ్రూస్‌పేటలో పట్టుమని పది కార్లు కూడా లేని రోజులవి. వాటికి పాలిష్ పెట్టే తాత ఒకాయన ఉండేవాడు. మైనం రుద్దడం కాగానే కారు తలుపు ముందు గొంతుక్కూర్చుని ఇకిలించేవాడు. పళ్లు అందులో స్పష్టంగా కనబడితేనే ఆయన పని పూర్తయినట్టు.

నా పెళ్లిరోజు పొద్దున తాత, మా మేనమామ నల్ల కారు మీది గీతలన్నీ పోగొట్టి, మా వాకిట్లో అలాగే ఇకిలిస్తున్నాడు. ఇంతలో పక్కింటి పుంజు వచ్చింది. తలుపులో ఇంకో పుంజు కనబడేసరికి మెడ ఈకలు నిక్కించి, ఎగిరి తన్నింది. మూడు కొత్త గీతలు!

"తాతా, చర్చికి ఇంగ గంటే ఉండాది!" అని మామ నెత్తి పట్టుకున్నాడు.

తాత మాత్రం గంతేశాడు. "చూస్తివా అప్పా! నా పళ్లన్నా అబద్ధం చెప్తాయేమో, పుంజు చెప్తాదా?"

నవ్వాపుకోలేక, తెల్ల పట్టుచీరతోనే పరుగెత్తి పుంజును పట్టుకుని చంకన పెట్టుకున్నాను. తాత మళ్లీ గీతలు పోగొట్టే పేస్టు రుద్ది, మైనం పట్టించి, మెత్తని గుడ్డతో తళతళలాడించాడు.

"ఎక్కుదామా తాతా?" అన్నాను.

ఈసారి ఆయన ఇకిలించలేదు. నా వైపు రెండు చేతులూ చాచాడు.

"ఆ పుంజును ఇట్లియ్యి తల్లీ, దానికి ఒకతూరి చూపిద్దాం."