హెప్సిబా రాసిన మేక్‌ఫైల్

2023 వానాకాలం నాటి సంగతి ఇది. బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నేను ప్రోగ్రామర్‌ని. పేరుకు ప్రోగ్రామర్ అంటారు గానీ, ల్యాబు తాళాలు తీయడం దగ్గర్నుంచి పిల్లల ప్రోగ్రాములు ఎందుకు మొండికేశాయో చూడటం దాకా అన్నీ నా పనులే. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తాను. పాఠాలు చెప్పేది ప్రొఫెసర్లు, చీవాట్లు పెట్టేది నేను. ఈ పంపకం మాకు బాగానే కుదిరింది.

మా ల్యాబులో పిల్లలకు మొదట అలవాటు చేసే పనిముట్టు 'మేక్'. ప్రోగ్రాము పెద్దదయ్యేకొద్దీ చాలా ఫైళ్లుగా విడిపోతుంది. ఒక్కోదాన్నీ కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, చివర్న అన్నిటినీ కలిపితే గానీ అది నడవదు. ఏది దేన్నుంచి తయారవుతుందో 'మేక్‌ఫైల్' అనే చిన్న ఫైల్లో నియమాలుగా రాసిపెడితే ఆ పనంతా మేక్ చూసుకుంటుంది. ఇడ్లీ కావాలంటే పిండి ఉందా అని చూస్తుంది. లేకపోతే పప్పు నానబోస్తుంది. పిండి ఉంటే ఇక పప్పు జోలికి పోదు.

దీనికి తోడు 'మేక్ క్లీన్' అని ఇంకో కమాండు ఉంది. తయారైనవాటన్నిటినీ చెరిపేసి, మనిషి చేత్తో రాసినవి మాత్రమే మిగులుస్తుంది. ఒక కంప్యూటర్లో తయారైనవి ఇంకోదాంట్లో నడుస్తాయన్న నమ్మకం లేదు కాబట్టి, ప్రాజెక్టును ఎవరికైనా ఇచ్చేముందు క్లీన్ చేసి ఇవ్వడం మా ల్యాబు ఆచారం. చెయ్యకుండా తెస్తే నేను ముట్టుకోను. ఈ సంగతి మా కాలేజీలో చదివిన ఎవర్నడిగినా చెబుతారు, కాస్త మొహం ముడుచుకుని.

హెప్సిబా అలా మా దగ్గర చదివిన పిల్లే. రేపల్లె వాళ్లది. ఇంట్లోనే ఉండి ఒక కంపెనీకి పనిచేసేది. తల్లి దీవెనమ్మగారు ఎలిమెంటరీ స్కూలు టీచరుగా రిటైరయ్యారు. నీటికాసుల జబ్బుతో, అదే గ్లకోమాతో, రెండు కళ్లూ పోయాయి. ఆవిడ కోసం హెప్సిబా ఒక పలికే గడియారం రాసింది. గంటగంటకీ టైము చెబుతుంది, మాత్రల వేళకి "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతుంది. గొంతు హెప్సిబాదే. అంకెలూ మాటలూ విడివిడిగా చదివి, ముక్కలుగా కోసి, ప్రోగ్రాముకి అతికించింది. అది చేసిన కొన్నాళ్లకే క్యాన్సర్ బయటపడింది. ఏడాది తిరక్కముందే పోయింది. ముప్ఫై ఏళ్లు కూడా లేవు. అంత్యక్రియలకి వెళ్లినప్పుడు పక్క గదిలోంచి ఆ గడియారం టైము చెబితే నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను.

ఆ పిల్ల పోయి ఏడాదైందని ఇంట్లో పెట్టుకున్న జ్ఞాపకార్థ కూడికకు ముందురోజు నాకు ఫోను వచ్చింది.

"మేడమ్, కిరణ్‌నండి. హెప్సిబా తమ్ముణ్ణి. ఒకసారి రేపల్లె రాగలరా అండి?"

"ఏంటయ్యా, ఏమైంది?"

"అక్క గడియారం పోయిందండి. నేనే పోగొట్టాను."

తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. ఇల్లు అప్పుడే సున్నం వేసి ఉంది. వరండాలో మడత కుర్చీలు, ఒక మూల ప్లాస్టిక్ పూల దండ. దీవెనమ్మగారు లోపల గదిలో పడుకున్నారు. గడియారం రిపేరులో ఉందని ఆవిడకు చెప్పాడట.

జరిగింది ఇది. పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోంది. కూడికకు వచ్చే బంధువులందరికీ అక్క గొంతు వినిపించాలని కిరణ్ కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. అతనూ మా ల్యాబులో చదివినవాడే. కాబట్టి పద్ధతి ప్రకారం ముందు మేక్ క్లీన్ కొట్టి, మిగిలింది కొత్తదాంట్లోకి కాపీ చేసి, అక్కడ మేక్ కొట్టాడు. నేను నేర్పినట్టే చేశాడు పాపం.

కొత్త ల్యాప్‌టాప్ తెర మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. "చదువు హెప్సీ: ఒంటిగంట. తొందరపడకు, అమ్మకి వినపడాలి." దాని కింద మైకు తెరుచుకుని ఎదురుచూస్తోంది.

మేక్‌ఫైల్ తెరిచి చూస్తే అది ఎందుకలా అడుగుతుందో అర్థమైంది, కిరణ్‌కీ చెప్పాను. గడియారానికి గొంతు ముక్కలు కావాలి. అవి తయారైనవే కాబట్టి క్లీన్ చెరిపేసింది. వాటిని మళ్లీ కోయడానికి మేక్ అసలు రికార్డింగుల కోసం చూసింది. అవీ లేవు. పని మధ్యలో పుట్టిన ఫైళ్లని పని కాగానే తీసెయ్యడం మేక్ పద్ధతి, ఎప్పుడో తీసేసింది. రికార్డింగు లేకపోతే ఏం చెయ్యాలో హెప్సిబా ఒక నియమం రాసి ఉంచింది. మైకు తెరిచి హెప్సిబాని చదవమను. అంతే.

ఆ పిల్ల తప్పేమీ రాయలేదు. ముక్క పోతే ఏముంది, మళ్లీ చదివేస్తాను అనుకుంది. ఆ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనైనా దిద్దేటప్పుడు దాని మీద టిక్కు పెట్టి ఉండేదాన్ని.

పాత కంప్యూటర్ డిస్కులోంచి చెరిగిపోయినవాటిని పైకి తీయడానికి నాకు తెలిసినవన్నీ ప్రయత్నించాను. కానీ అది ఎస్‌ఎస్‌డీ డిస్కు. చెరిపిన చోటును తనే ఊడ్చి పెట్టుకుంటుంది. ఏమీ దొరకలేదు.

"ఇంకెక్కడైనా అక్క గొంతు ఉందా? వాయిస్ మెసేజీలు?" అని అడిగాను.

"ఒకే ఇంట్లో ఉన్నాం కదండీ, మెసేజీలు ఎందుకు పెట్టుకుంటాం? క్రిస్మస్ వీడియోలో రెండు మాటలు మాట్లాడిందండి. దాంతో ఏఐ గొంతు తయారుచేయొచ్చంటున్నారు. అట్టా చేద్దామా మేడమ్? అమ్మకి తెలీదు."

"తెలీకపోవడమేంట్రా?"

దీవెనమ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచారో మేం చూడలేదు.

"రిపేరన్నావుగా. పోయిందా?"

కిరణ్ లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పోయిందమ్మా. నేనే చెరిపేశాను. తెలిసి చెయ్యలేదు."

"నన్నొక్క మాట అడిగావా? దాని వస్తువు మీద చెయ్యేసేముందు నన్ను అడగాలని తోచలేదా నీకు?" ఆవిడ చెయ్యి విదిలించుకున్నారు. స్కూల్లో పిల్లల్ని గదమాయించిన గొంతు అది. ఆ తర్వాత తడుముకుంటూ వెళ్లి మంచం మీద కూర్చున్నారు. కిరణ్ ఏడుస్తూ ఉంటే వినబడి, "ఊరుకోరా" అన్నారు చివరికి. "కానీ ఆ ఏఐ మాత్రం వద్దు. నా పిల్ల అనని మాట దాని నోట్లో పెట్టొద్దు."

నాకు ఊరికే కూర్చోవడం చేతగాదు. పాత కంప్యూటర్లో ఆమె ఫోల్డర్లన్నీ మళ్లీ వెతకడం మొదలుపెట్టాను. ప్రాజెక్టు బయట, 'ట్రయల్' అనే పేరుతో ఒక రికార్డింగు కనబడింది. మైకు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి చేసిందై ఉంటుంది. మేక్‌ఫైల్లో దాని ఊసే లేదు. క్లీన్ దాన్ని ముట్టుకోకపోవడానికి కారణం అదే.

వినిపించాను. ముందంతా ఫ్యాను మోత. తర్వాత గిన్నెల చప్పుడు.

"అమ్మా, ఆ గిన్నెలు కాసేపు ఆపుదూ. రికార్డు చేస్తున్నా."

దూరం నుంచి దీవెనమ్మగారి గొంతు. "నీ గడియారం కోసం నన్ను పస్తుండమంటావేంటే?"

హెప్సిబా నవ్వు. కుక్కరు కూత. "సరేలే, కానీ. నీ కోసమే కదా చేస్తున్నది!" అక్కడితో అయిపోయింది.

దీవెనమ్మగారు మంచం కోడు పట్టుకుని వంగిపోయారు. ఆవిడ ఏడుపు పెద్దగా బయటికి రాలేదు. కిరణ్ వెళ్లి పక్కన కూర్చుంటే ఈసారి చెయ్యి విదిలించుకోలేదు. నేనూ ఏడ్చాను. ల్యాబులో నన్ను చూసి హడలిపోయే పిల్లలు చూస్తే నమ్మరు.

"ఫ్యాను మోత తగ్గించి, గొంతు పైకి తెచ్చిపెడతానండి" అన్నాను కాసేపటికి.

"వద్దమ్మా. ఏం తీయొద్దు. అట్టాగే ఉండనీ." మళ్లీ వినిపించమన్నారు. మళ్లీ వినిపించాను. తర్వాత ఆవిడే అడిగారు. "ఇందాక ఆ కొత్తదేదో అడుగుతుందని వాడితో అంటున్నావు. ఏమని అడుగుతుంది?"

తెర మీది వాక్యం చదివి వినిపించాను.

"ఇంకా అడుగుతానే ఉందా?"

"ఎవరో ఒకరు చదివేదాకా అడుగుతుందండి."

"తీసెయ్యి తల్లీ. లేని పిల్లని చదవమని ఎంతకాలం అడుగుద్ది? టైము వీడు చెబుతాడులే నాకు."

కిరణ్ కీబోర్డు దగ్గరికి రాలేనన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేనే మేక్‌ఫైల్ తెరిచి ఆ నియమాన్ని తీసేశాను. చిన్నది, రెండు వరసలు. ఒక మనిషి ఉంటుందనే ధీమాతో రాసిన వరసలు. అవి పోయాయో లేదో చూడటానికి మేక్ కొట్టాను. ఈసారి మైకు తెరుచుకోలేదు. ఇది తయారుచేయడానికి నియమం ఏదీ లేదు, ఆగిపోతున్నాను అని ఇంగ్లీషులో ఒక ఎర్రర్ వచ్చి నిలిచింది.

ఆ ఎర్రర్ మా ల్యాబులో ఎవరికో ఒకరికి రోజూ వస్తుంది. నియమం లేకపోతే రాసుకోండి, దానికింత గోలేంటి అని విసుక్కుంటూ సరిచేసి పంపిస్తాను. దేనికైనా నియమం రాసుకోవచ్చనే నా నమ్మకం. రాయడానికి వీల్లేనిది ఒకటుంటుందని రేపల్లెలో ఆ ఇంట్లో తెలిసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ ఎర్రర్‌ని సరిచేయకుండా వదిలేసి వచ్చింది ఆ ఒక్కసారే.