తెలీదండీ బాబాయి

మా బాబాయికి పెద్ద ఇంగ్లీషు మాట కనిపిస్తే చాలు, అనుమానం. మామూలు అనుమానం కాదు, పక్కవాటాలో కొత్తగా అద్దెకి దిగినవాణ్ణి చూసినట్టు ఎగాదిగా చూస్తాడు. చిన్న మాటతో పోయే పనికి అంత పొడుగు మాట వాడారంటే అందులో ఏదో దాచారని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే మాటలు పోగెయ్యడం మొదలుపెట్టాడు. పగలంతా కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు, సాయంత్రం డిక్షనరీ ముందు కూర్చుంటాడు. రోజుకి ఐదు మాటలు. నోటుబుక్కులో మాట, అర్థం, తేదీ, అది ఎక్కడ పట్టుబడిందీ రాస్తాడు. 'అద్దె అగ్రిమెంటు, మూడో పేజీ, అడుగున చిన్నక్షరాల్లో నక్కి ఉంది.' ఇదీ వరస. పద్నాలుగేళ్ళలో పదకొండు నోటుబుక్కులు నిండాయి.

ఇంత నేర్చిన మనిషి ఎక్కడో ఒకచోట వాడాలి కదా! వాడడు. పైగా ఏ కౌంటరు దగ్గరికెళ్ళినా వీధి చివరికి వినబడేలా, "ఈ మాట నాకు తెలీదండీ, కాస్త విడమరిచి చెప్తారా?" అంటాడు. బ్యాంకులో అంతే, పోస్టాఫీసులో అంతే. ఒకసారి లిఫ్టులో అతికించిన నోటీసు చూసి మొదలెట్టాడు. నాలుగో అంతస్తులో దిగాల్సినవాళ్ళంతా తొమ్మిదో అంతస్తు దాకా ఆ వివరణ వింటూ పైకెళ్ళారు. పక్కన నించున్న నాకు తల కొట్టేసినట్టయింది. నేనేమో టై కట్టుకుని ఆఫీసుకెళ్ళి ఇంగ్లీషులో మెయిళ్ళు రాసేవాణ్ణి మరి!

ఓ ఆదివారం ఆయన నోటుబుక్కొకటి నా చేతికి దొరికింది. తిరగేస్తుంటే గతుక్కుమన్నాను. మొన్న బ్యాంకులో "తెలీదండీ" అన్న మాట అందులో అర్థంతో సహా ఉంది, రెండేళ్ళ కిందటి తేదీతో!

"తెలిసిన మాటని తెలీదనడం దేనికి? ఏదో తిరకాసుంది," అన్నాను మా ఆవిడతో.

"మతిమరుపేమోనండీ."

"ఆయనకా! ఆరో క్లాసులో నేనాడిన అబద్ధాలు ఇప్పటికీ వరసపెట్టి చెప్తాడు."

"అయితే ఎదుటివాళ్ళకి వచ్చో రాదో పరీక్ష పెడుతున్నారేమో."

అదీ అయ్యుండొచ్చు అనిపించింది. ఆ రోజు నుంచి ఆయన్ని ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను.

ఇంతలో అమ్మకి పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఆపరేషన్ పడింది. మర్నాడు పొద్దున్నే చేస్తారు. ముందురోజు అమ్మని ఆస్పత్రి గదిలో పడుకోబెట్టి, ఫారం నింపడానికి నేనూ మా ఆవిడా కౌంటరు దగ్గరికెళ్ళాం. వద్దన్నా వినకుండా బాబాయి వెంట వచ్చాడు. నాలుగు పేజీలు, అన్నీ ప్రశ్నలే. ఏడో ప్రశ్న చదువుతుంటే నాకు నోరు తిరగలేదు. అలాంటి పేరున్న మందేదీ అమ్మ వాడుతున్నట్టు నేనెప్పుడూ వినలేదు. నర్సుని అడుగుదామంటే పక్కన మా ఆవిడ, వెనక పదిమంది. అంతా అర్థమైనట్టు తల ఊపి, 'లేదు' దగ్గర టిక్కు కొట్టేశాను.

నా భుజం మీంచి బాబాయి తొంగిచూశాడు.

"నర్సమ్మగారూ, ఈ యాంటీకోయాగ్యులెంట్ అనే మాట నాకు తెలీదండీ. కాస్త విడమరిచి చెప్తారా?"

"బాబాయ్!" అని పళ్ళు కొరికాను.

"రక్తం పలచబడటానికి వేసుకునే మాత్రలండీ," అంది నర్సు. "అవి వాడుతున్నారని మాకు చెప్పకపోతే ఆపరేషన్లో రక్తం ఆగక ప్రాణం మీదికొస్తుంది."

గుండె డాక్టరు రాసిచ్చాడని అమ్మ రోజూ వేసుకునే చిన్న మాత్ర అందుకే. నిన్న నేనే నీళ్ళిచ్చి మింగించాను. 'లేదు' దగ్గర పెట్టిన టిక్కు చెరిపేసి, ఉన్న సంగతి చెప్పేశాను. డాక్టరొచ్చి ఆ మాత్ర ఆపించి, ఆపరేషన్ వారం వాయిదా వేశాడు.

వరండాలో బాబాయిని నిలదీశాను. "నిజం చెప్పు. ఆ మాట నీకు తెలుసు కదూ?"

"తెలుసు. ఎనిమిదో పుస్తకంలో ఉంది."

"మరి?"

"మా షాపుకి ఓ తాపీమేస్త్రీ వచ్చేవాడురా. చదివే కార్డు చేతికిస్తే మసగ్గా ఉందన్నాడు. మార్చి మార్చి మూడు జతల అద్దాలు అరగదీశాను. మూడూ మసకే! చివరికి తెలిసిందేమిటంటే, మనిషికి కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, చదవడమే రాదు. నలుగురి ముందు చెప్పలేక, నేనిచ్చిన అద్దాలు పెట్టుకుని నెలంతా తలనొప్పితో చచ్చాడు. అప్పట్నించీ పక్కవాడు అర్థం కాకుండానే తల ఊపుతున్నాడని అనుమానమొస్తే, నాకే తెలీదని అడిగేస్తాను."

"నా చెవిలో చెప్పొచ్చుగా!"

"పక్కన నీ పెళ్ళాం ఉంది కదరా."

బ్యాంకులో ఆయన పక్కన ఎవరున్నారో గుర్తు తెచ్చుకున్నాను. నేనే. పోస్టాఫీసులో నేనే. లిఫ్టులోనూ నేనే. ఇన్నాళ్ళూ ఈయన్నా నేను అనుమానించింది అని సిగ్గుతో చచ్చిపోయాను.

గదిలోకి వెళ్ళగానే అమ్మ లేచి కూర్చుంది. "ఆపరేషన్ ఆపేశారటగా, ఏమైంది?"

"నా వల్లే వదినా," అన్నాడు బాబాయి. "ఇంగ్లీషు అర్థంకాక ఏదో అడిగాను, పెద్ద రభసైంది."

"నీ మొహం! ఇన్నేళ్ళు చదివి ఏం లాభమయ్యా? వాణ్ణి చూసి నేర్చుకో," అని అమ్మ నన్ను మురిపెంగా చూసింది.

"అలాగే వదినా," అన్నాడు బుద్ధిగా.

నేను నోరు విప్పబోయాను. నా కాలు తొక్కాడు మహానుభావుడు, గట్టిగానే తొక్కాడు.